మద్యం మానేవారి సహాయక బృందంలో చేరే విధానం

ఇక్కడ నింపడానికి దరఖాస్తు ఫారం ఉండదు. గుర్తింపు కార్డు, ఫొటో, డాక్టరు చీటీ, రుసుము ఏవీ అడగరు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే అందరూ ఏఏ అని పిలిచేది, 12 సంప్రదాయాలు రాసుకుంది. వాటిలో మూడోది అర్హత గురించి: తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. పూర్తిగా మానేశాకే రావాలన్న షరతు లేదు. చేరడమంటే వెళ్లి కూర్చోవడమే. అయినా వెళ్లేముందు, వెళ్లాక చాలామంది తడబడేచోట్లు కొన్ని ఉన్నాయి.

ముందు డాక్టరు

రోజూ బాగా తాగేవారు మీటింగుకు వెళ్లాలన్న ఉత్సాహంలో ఒక్కసారిగా ఆపేయకూడదు. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం వస్తే అది డెలీరియం ట్రెమెన్స్. ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున లేవగానే ఒక పెగ్గు పడితే గానీ చేతులు నిలవనివారు, గతంలో ఫిట్స్ వచ్చినవారు ముందు ఆసుపత్రికి వెళ్లాలి. బృందం వైద్యం చేయదు, చేయకూడదు కూడా.

మీటింగు వెతకడం

ఏఏ అధికారిక వెబ్‌సైటులోనూ, ఆ ప్రాంతంలోని ఏఏ బృందాలన్నీ కలిసి నడిపే ఇంటర్‌గ్రూప్ ఆఫీసులోనూ మీటింగుల జాబితా ఉంటుంది. డీ-అడిక్షన్ వార్డు సిబ్బందినీ అడగవచ్చు. జాబితాలు తొందరగా పాతబడతాయి, కాబట్టి వెళ్లే రోజున ఫోన్ చేసి సమయం, ఏ గది, ఏ భాష, ఓపెన్ మీటింగా క్లోజ్‌డ్ మీటింగా అన్నవి కనుక్కోండి. ఓపెన్‌కు ఎవరైనా రావచ్చు. క్లోజ్‌డ్‌కు తాగుడు మానాలనుకునేవారే రావాలి. తోడుగా వచ్చిన భార్యనో అన్ననో గుమ్మం దగ్గరే ఆపేస్తే, అప్పటికే బెరుకుగా ఉన్న మనిషి వెనక్కి తిరిగిపోతాడు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం మరవకండి. కుటుంబసభ్యులకు వేరేగా అల్-అనాన్ ఉంది, 1951 నుంచి నడుస్తోంది.

చాలాచోట్ల బృందాలు ప్రార్థనా మందిరాల్లోనో బడుల్లోనో గది అద్దెకు తీసుకుంటాయి. ఆ మందిరంతో బృందానికి సంబంధం ఉండదు. అయితే తాగుడు మానడానికి ఏఏ సభ్యులు ఒక్కొక్కటిగా చేసే 12 మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, ‘మనం అర్థం చేసుకున్న రూపంలో’ అన్న వెసులుబాటుతో. అదీ మింగుడుపడనివారు స్మార్ట్ రికవరీ చూడవచ్చు. 1994లో మొదలైన ఈ పద్ధతి ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే మానసిక చికిత్సా సాధనాల మీద నడుస్తుంది. అక్కడ శిక్షణ పొందిన నిర్వాహకుడు చర్చ నడుపుతాడు.

మొదటి రోజు

పది నిమిషాలు ముందు వెళ్లండి. మీటింగు సాధారణంగా గంట నుంచి గంటన్నర. కొత్తవారెవరని అడిగితే పేరు చెప్పవచ్చు, ఇంటిపేరు అక్కర్లేదు. ‘ఈరోజు వింటాను’ అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఏఏలో ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డుపడి సలహా ఇచ్చే పద్ధతి లేదు. మీ మాటకు ఎవరూ బదులివ్వకపోతే పట్టించుకోలేదని కాదు. చందా బుట్ట తిరుగుతుంది. కొత్తవారు వేయాల్సిన పనిలేదు.

ఆన్‌లైన్ మీటింగైతే లోపలికి వెళ్లకముందే తెర మీది పేరు మార్చుకోండి. చాలామంది ఫోన్లలో పూర్తి పేరే పడి ఉంటుంది.

హాజరు సంతకం

కోర్టో, ఉద్యోగమిచ్చిన సంస్థో పంపితే హాజరు పత్రం మీరే తెచ్చుకోవాలి. మొదలయ్యేముందు బృంద కార్యదర్శికి ఇచ్చి, అయిపోయాక తీసుకోండి. సంతకం చేయాలా వద్దా అన్నది ఆ బృందం ఇష్టం, అందుకే ఫోన్ చేసినప్పుడే అడగడం మంచిది. ఆ సంతకానికి అర్థం మీరు వచ్చారన్నంతవరకే. ‘మానేశాడు’, ‘మెరుగయ్యాడు’ అని ఏఏ ఎవరికీ నివేదిక ఇవ్వదు. ఆన్‌లైన్ హాజరును పంపినవారు ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చుకోండి.

ఆ తర్వాత

ఒక్క మీటింగు చూసి ‘ఇది నాకు సరిపడదు’ అనేయడం తొందరపాటు. ఒక్కో బృందం తీరు ఒక్కోలా ఉంటుంది. మూడు నాలుగు చోట్లకు వెళ్లి చూడండి. 90 రోజుల్లో 90 మీటింగులన్నది కొందరు ఇచ్చే సలహా, నియమం కాదు. ప్రతిసారీ కనీసం ఒకరి ఫోన్ నంబరు తీసుకోండి; తాగాలనిపించేది మీటింగు లేని వేళల్లోనే. కొన్నాళ్లకు ఒకరిని స్పాన్సర్‌గా ఉండమని అడగాలి. స్పాన్సర్ అంటే ముందే ఈ దారిలో నడుస్తూ 12 మెట్లు చేయించే సభ్యుడు. స్పాన్సర్ గానీ మరో సభ్యుడు గానీ ‘ఆ మాత్రలు మానేయి’ అంటే వినకండి. మందుల సంగతి డాక్టరుదే.

మళ్లీ తాగితే బృందం నుంచి తీసేయరు. తాగకుండా గడిపిన రోజుల లెక్క కొత్తగా మొదలవుతుంది, అంతే. కానీ వరసగా కొన్ని రోజులు తాగి ఉంటే మీటింగుకన్నా ముందు మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. వణుకు, ఫిట్స్ ముప్పు మొదటిసారికన్నా ఎక్కువగానే ఉండవచ్చు.