ముసురు పట్టకముందే: తుఫాను రోజుల్లో పెరటి కోళ్లకు జాగ్రత్తలు

తుఫాను గాలికి ఎగిరిపోయి చచ్చే కోళ్లు తక్కువ. గూడు కూలితే ఒకటో రెండో పోతాయి. ఎక్కువగా పోయేవి తడిసి, ఆ తడి ఆరే దారి లేక, రెండో రాత్రికో మూడో రాత్రికో పోతాయి. అది కూడా దాటినవాటిలో కొన్ని పది రోజుల తర్వాత బూజు దాణా తినో, రక్త విరేచనాలు పట్టో పోతాయి. కాబట్టి గూడు కట్టుదిట్టం చేయడం పావు వంతు పని. కోడిని, దాని కింది నేలను, దాని మేతను పొడిగా ఉంచడం ముప్పావు వంతు.

మన కోస్తాకు అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2014 అక్టోబరు 12న విశాఖ మీద హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటాయి. సంక్రాంతికని పెంచే కోళ్లు పెరట్లో నిండుగా ఉండేదీ సరిగ్గా ఈ నెలల్లోనే.

టీకా సంగతి సెప్టెంబరులోనే

తుఫాను కబురు విన్నాక టీకా వేయిస్తే లాభం లేదు. కొక్కెర తెగులు (కోళ్లను చంపే అంటువ్యాధి) టీకా వేశాక ఒంట్లో రోగ నిరోధక శక్తి రావడానికి వారం పది రోజులు పడుతుంది. పైగా బెదిరిన, తడిసిన కోడికి వేస్తే టీకా సరిగా పట్టదు. కోడిపిల్లలకు 5–7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బి అనే టీకా సూది. ఈ వరుస సెప్టెంబరు చివరికి పూర్తయ్యేలా చూసుకోండి. టీకా సీసా 2–8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఐసు లేకుండా చేతి సంచిలో తెచ్చిన సీసా పనికిరాదు. వానల తర్వాత దోమలు పెరిగి కోళ్లకు మశూచి వస్తుంది. దాని టీకా కూడా ఆ నెలలోనే అడగండి.

రెండు రోజుల ముందు

వాతావరణ శాఖ హెచ్చరిక దశలవారీగా వస్తుంది. వాతావరణం చెడబోయే 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఇంకొకటి. మొదటిది వినగానే మొదలుపెట్టాలి. రెండోది వచ్చేసరికి ఇంటి పైకప్పు, పశువులు, ధాన్యం మీద బరకాలు, ఇన్ని పనుల్లో కోళ్లు గుర్తుకు రావు.

ముందు తలెత్తి పైకి చూడండి. గూటి మీదకు వాలిన కొబ్బరి చెట్టు ఉంటే ఎండు మట్టలు, ముదిరిన కాయలు దింపించాలి. మునగ చెట్టు పక్కన గూడుంటే ఆ కొమ్మలు ముందే కొట్టేయండి. పెరట్లో మొదట విరిగేది మునగే.

రేకుల కప్పు ఎప్పుడూ అంచు నుంచే లేస్తుంది. చూరు దగ్గర హుక్కు బోల్టులు వదులైతే బిగించి, రేకు మీదుగా లావుపాటి తీగనో కొబ్బరి తాడునో వేసి రెండు పక్కలా నేలలో దిగ్గొట్టిన గుంజలకు కట్టండి. కప్పు మీద విడి రాళ్లు, ఇటుకలు పెట్టడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటే గానీ, అసలు గాలి మొదలయ్యాక అవే మనుషుల మీదికి వస్తాయి. సగం ఇసుక నింపిన సిమెంటు సంచులు రెండేసి జతగా కట్టి, వెన్ను మీదుగా అటొకటి ఇటొకటి వేలాడేయండి.

ఇరవై కోళ్ల లోపున్న ఇంట్లో మాత్రం ఒకటే మాట. గూడు ఎంత గట్టిగా కట్టినా కోళ్లను అందులో ఉంచొద్దు, ఇంట్లోకి తెచ్చేయండి. తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మీ ఊరి మీదుగా వెళితే మొదట ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి కొట్టిన గాలి, కాసేపు అంతా నిశ్శబ్దమయ్యాక దక్షిణం, నైరుతి వైపు నుంచి కొడుతుంది. ఒక వైపు పరదా కట్టిన గూడు రెండో వైపు నుంచి వచ్చే జల్లుకు నిలవదు. ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని చూసి తుఫాను పోయిందనుకుని కోళ్లను వదిలినా, గూడు బాగుచేద్దామని బయటికి వెళ్లినా ప్రమాదమే.

ఇంట్లో ఎక్కడ?

మెట్ల కింది గది, సామాన్ల గది, లేదంటే బాత్రూము. రెండు మూడు రోజులకైతే కోడికి ఒక చదరపు అడుగు సరిపోతుంది. అంటే 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవున్న బాత్రూములో ఇరవై కోళ్లు పడతాయి. నేల మీద మూడు అంగుళాల మందాన ఊక పోయండి. అడుగు ఎత్తున ఒక వెదురు బొంగు అడ్డంగా కట్టండి. దండె దొరికితే కోళ్లు సద్దుమణుగుతాయి, కింద ఊక కూడా తక్కువ తొక్కుడు పడుతుంది. గది కాస్త చీకటిగా ఉంచితే పొడుచుకోవు.

బాత్రూము తూముకు సన్నని జాలీ వేసి ఇటుక పెట్టాలి. బయట నీళ్లు నిలిస్తే తూములోంచి మురుగు వెనక్కి తన్నుతుంది, దాంతోపాటు పాములూ వస్తాయి. గదిని ఆసిడ్‌తోనో బ్లీచింగ్‌తోనో కడిగిన వెంటనే కోళ్లను వేయొద్దు. రెట్టలోంచి వచ్చే అమ్మోనియా బ్లీచింగ్‌తో కలిస్తే పుట్టే వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది, కోడికీ మనకీ కూడా.

రోజుకు రెండుసార్లు ఆ గదిలో వంగి, కోడి తల ఎత్తున ముక్కు పెట్టి వాసన చూడండి. నిలబడితే తెలియని ఘాటు అక్కడ కళ్లు మండిస్తుంది. అలా మండితే పై ఊక తీసి కొత్తది వేయాలి. అందుకే రెండు బస్తాల పొడి ఊక ఇంట్లో అటక మీద ముందే పెట్టుకోవాలి. తుఫాను తర్వాత ఊరంతా వెతికినా పొడి ఊక దొరకదు.

పందెం పుంజులున్నవాళ్లకు వేరే లెక్క. డేగైనా కాకైనా, రంగు ఏదైనా సరే, రెండు పుంజులను ఒకే గదిలో వదిలితే తుఫాను కంటే ముందు అవే ఒకదాన్నొకటి తేల్చేసుకుంటాయి. ఒక్కోదానికి ఒక్కో గంప, మధ్యలో ఒకదానికొకటి కనపడకుండా గోనె పట్టా.

గంప మాట

వాన వస్తే కోడి మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మామూలు వానకు అది చాలు. తుఫానులో అదే గంప బోనవుతుంది. పెరట్లో నీళ్లు జానెడు ఎత్తు లేచాయంటే లోపలి కోడికి ఎక్కడానికి చోటుండదు, పైన రాయి ఉంటుంది, రాత్రి చీకట్లో ఎవరూ చూడరు. గంప వాడక తప్పకపోతే అరుగు మీదో, బల్ల మీదో, ఇటుకలు పేర్చి చెక్క వేసో రెండడుగుల ఎత్తున పెట్టండి. పైన బరకం కప్పితే గాలి కొట్టే వైపు మాత్రమే దించి, వెనక పక్క బెత్తెడు ఖాళీ వదలండి. చుట్టూ బిగించి కట్టిన బరకం కింద తడి కంటే ముందు ఊపిరాడక చస్తాయి. కాళ్లు కట్టేసి మూల పడేయడం కూడా వద్దు. రాత్రంతా అలా ఉంటే కాళ్లు మొద్దుబారి నడవలేవు.

నాటుకోళ్లు చెట్టెక్కి పడుకుంటాయి గనక వాటిని పగలు పట్టాలంటే ఊరంతా పరిగెత్తాలి. గాలి మొదలయ్యే రోజుకు ముందు రాత్రి, పూర్తిగా చీకటి పడ్డాక పట్టండి. చీకట్లో కోడికి చూపు ఆనదు. టార్చి నేలకు వేసి, రెండు చేతులతో రెక్కలు కలిపి పట్టి దింపితే గోల లేకుండా వస్తుంది. పొదిగే కోడిని కూడా ఆ రాత్రే తట్టతో, గుడ్లతో సహా కదపాలి. పగలు కదిపితే లేచిపోయి మళ్లీ కూర్చోదు.

మేత, నీళ్లు

ఎదిగిన కోడికి రోజుకు 100–120 గ్రాముల మేత, పావు లీటరు నీళ్లు పడతాయి. ఇరవై కోళ్లకు ఐదు రోజులకు 12 కిలోల మేత, 25 లీటర్ల నీళ్లు అన్నమాట. నీళ్లు మూత ఉన్న డబ్బాల్లో ముందే పట్టి పెట్టండి. కరెంటు పోతే మోటారు ఉండదు, ఉప్పెన నీరు చేరిన బావి నీళ్లు ఉప్పుగా మారతాయి. కోడికి ఉప్పు సరిపడదు, విరేచనాలు పట్టుకుంటాయి. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలిన నీళ్లు కోళ్లకు పెట్టొద్దు.

మేతను నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, మూత బిగించి, బల్ల ఎక్కించండి. సాయంత్రం పూట నూకలు, జొన్నలు, సజ్జలు లాంటి గింజ కాస్త ఎక్కువ వేయండి. మెడ కింది మేత సంచి నిండి పడుకున్న కోడికి రాత్రంతా అరుగుదలతో ఒంట్లో వేడి పుడుతుంది. ఆకలితో పడుకున్న కోడి తెల్లారేసరికి ముడుచుకుపోతుంది.

పిల్లలు

అన్నిటికంటే ముందు లోపలికి రావాల్సినవి పిల్లల కోడి, దాని పిల్లలు. తల్లి పొడిగా ఉంటే పది పన్నెండు పిల్లలను రెక్కల కింద అదే కాపాడుకుంటుంది. తల్లి లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. బల్బు వేడి మీద ఆధారపడితే కష్టం. గాలి పెరగకముందే జాగ్రత్త కోసం కరెంటు తీసేస్తారు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో అది తిరిగి రావడానికి రోజులు పట్టింది.

అట్టపెట్టెలో ఊక పోసి, వేడి నీళ్లు పోసిన లీటరు సీసాలు రెండు పాత పంచె ముక్కలో చుట్టి మధ్యలో పెట్టండి. రెండు మూడు గంటలకోసారి నీళ్లు మార్చాలి. పిల్లలు ఒకదాని మీద ఒకటి గుట్టపడి కీచుకీచుమంటే చలి. గుట్టలో అడుగునున్నవి ఊపిరాడక చస్తాయి. నోరు తెరిచి మూలలకు పోతే వేడెక్కువైంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పక్కగదిలో పడుకున్న మనుషులకూ అది యమపాశమే.

తడిసిన కోడి దొరికితే

వణుకుతున్న కోడికి ఇంకా ఓపిక ఉన్నట్టే. వణుకు ఆగిపోయి, కాళ్లు చల్లబడి, జుట్టు నీలంగా మారి, కళ్లు మూసుకుంటే చెయ్యి చురుగ్గా ఆడాలి. గోనెతోనో పాత తువ్వాలుతోనో ఈకల వాటంగా, తల నుంచి తోక వైపు నీళ్లు పిండినట్టు తుడవండి. ఎదురుగా రుద్దితే తడి లోపలి నూగులోకి దిగుతుంది. తర్వాత ఊక పెట్టెలో, చుట్టిన వేడి సీసా పక్కన పెట్టండి. పొయ్యి దగ్గర కాదు. నోరు తెరిచి నీళ్లు పోయకండి. కోడికి గాలి గొట్టం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు అంచున గోరువెచ్చని బెల్లం నీళ్లు చుక్క చుక్కగా ఆనిస్తే అదే మింగుతుంది.

గాలి ఆగాక

గూట్లో చెయ్యి పెట్టేముందు టార్చి వేసి కర్రతో కదపండి. నీళ్లు ఎక్కిన చోట పాములు ఎత్తైన పొడి జాగా వెతుక్కుంటాయి. కోళ్లగూడు కంటే మంచి జాగా వాటికి దొరకదు. పాత ఊకంతా ఎత్తిపోసి, నేల ఆరాక సున్నం చల్లి, కొత్త ఊక వేసే దాకా కోళ్లను అందులోకి పంపకండి.

తాగే నీళ్లకు బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు వేసి, గంట ఆగాక వాడాలి. వరద నీరు చేరిన బావికైతే ఆ మోతాదు చాలదు, పంచాయతీ వాళ్ల చేత శుద్ధి చేయించాకే వాడండి.

తడిసిన దాణాను ఎండబెట్టి వాడుకోవచ్చని చాలామంది ఆశపడతారు. మొక్కజొన్న, వేరుశనగ చెక్క తడిసి రెండు రోజులుంటే బూజు విషం పుడుతుంది. ఎండలో పెట్టినా, వేయించినా అది పోదు. బస్తాలోకి చెయ్యి పెట్టినప్పుడు లోపల వెచ్చగా తగిలినా, ఉండలు కట్టినా, ముక్కిన వాసన వచ్చినా మొత్తం పారేయాలి. పశువులకూ వేయొద్దు.

చచ్చిన కోళ్లను, వరదకు కొట్టుకొచ్చిన ఇతర కళేబరాలను ఆ రోజే పూడ్చాలి. మూడడుగుల గొయ్యి, పైన సున్నం, బావికి వంద అడుగుల దూరం. ఆలస్యమైతే కుళ్లిన కళేబరాల్లో పుట్టిన పురుగులను కోళ్లు ఏరుకు తింటాయి. ఆ పురుగుల్లో విషం చేరి ఉంటే కోడి మెడ మెత్తగా వేలాడిపోతుంది, తల నేలకు ఆనుతుంది. కొక్కెర తెగులులో మెడ ఒక పక్కకు మెలి తిరుగుతుంది, రెట్ట ఆకుపచ్చగా ఉంటుంది, నోరు తెరిచి గురకగా ఊపిరి తీస్తుంది. రెండూ మెడ జబ్బులే అనిపించినా ఒకటి విషం, ఇంకొకటి అంటువ్యాధి. రెండోదైతే ఆ కోడిని వెంటనే వేరు చేయాలి.

పిల్లల్లో మూడు నుంచి ఆరు వారాల వయసువాటికి రక్తపు రెట్ట పడితే అది తడి ఊకలో పెరిగే కాక్సీడియా అనే పరాన్నజీవి పని. దానికి మందుగా 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు, ఐదు నుంచి ఏడు రోజులు ఇస్తారు. ఆ రోజుల్లో బి విటమిన్ టానిక్కు కలపకండి, మందును అది పనిచేయనివ్వదు. పశువైద్యుడు అందుబాటులో లేకపోతే 1962కు ఫోను చేయొచ్చు.

పూడ్చే ముందు చచ్చిన కోళ్లను లెక్కపెట్టి, ఇల్లు కనపడేలా ఫొటో తీసి పెట్టుకోండి. విపత్తు సాయానికి కేంద్రం 2022–26 కాలానికి పెట్టిన నిబంధనల్లో కోడికి 100 రూపాయలు, కుటుంబానికి 10,000 రూపాయల వరకు అని రాశారు. సిబ్బంది లెక్కకు వచ్చేసరికి గొయ్యి పూడ్చేసి ఉంటే చూపించడానికి ఆ ఫొటో తప్ప ఏమీ మిగలదు.

తుఫాను తర్వాత వచ్చే సంతల్లో కోళ్లు చవగ్గా దొరుకుతాయి. ఖాళీ అయిన గూడు నింపుదామని కొనేవాళ్లు, కొన్నవాటిని మూడు వారాలు ఇంటి అవతలి పక్కన, వేరే నీళ్ల గిన్నెతో, వేరే మేత తొట్టితో పెట్టాలి. రోజూ ముందు పాత కోళ్లకు మేత వేసి, తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి.