థీమ్ పార్కు పక్కన హోటల్ బుక్ చేసే ముందు

☐ తేదీలు. స్కూలు సెలవుల్లో, వారాంతాల్లో అదే గదికి రేటు ఎగబాకుతుంది. వీలైతే వారం మధ్యకు మార్చి చూడండి.

☐ మొదట కనిపించే రేటును నమ్మొద్దు. డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి పన్నులు, రిసార్ట్ ఫీజు (గది రేటుపై హోటల్ అదనంగా వేసే తప్పనిసరి చార్జీ) కలిపిన మొత్తం చూడండి. పార్కింగ్ చార్జీ విడిగా అడగండి. అమెరికాలో 2025 మే నుంచి తప్పనిసరి ఫీజులు ముందే కలిపి చూపాలి, పన్నులు మాత్రం తర్వాత చేరవచ్చు.

☐ "పార్కుకు దగ్గర" అంటే ఎంత? మ్యాప్‌లో గేటు దాకా నడక దూరం కొలవండి. రాత్రి నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకుని నడిచేది మీరే కదా!

☐ హోటల్ నుంచి పార్కుకు ఉచిత షటిల్ బస్సు ఉంటే, చివరి బండి పార్కులో రాత్రి బాణసంచా అయ్యాక ఉందా? లేకపోతే టాక్సీ ఖర్చు కలుపుకోండి.

☐ క్యాన్సిలేషన్ గడువు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.