జీను చూస్తే తప్పుకునే లేత గుర్రం: సమస్యలు - పరిష్కారాలు

మూడేళ్ళ గుర్రం జీను దగ్గర పేచీ పెడితే "పొగరు" అనేసి కొరడా తీయడం మన దగ్గర మామూలే. పొగరో నొప్పో ముందు తేల్చుకోండి. వెన్నెముకకి మూడు వేళ్ళ దూరంలో, భుజాల పైనున్న ఎత్తు నుంచి నడుం దాకా, బొటనవేలితో ఒకే బలంతో నొక్కుకుంటూ రండి. ఒక చోట చర్మం అదిరి, నడుం కిందికి కుంగి, తోక విసిరితే ఆ రోజు జీను మాట ఎత్తకండి. నోరూ చూడండి. రెండున్నర నుంచి నాలుగున్నర ఏళ్ళ మధ్య పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి, చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి. పై దవడలో, కళ్ళెం ఇనుము తగిలే చోటుకి కాస్త వెనక, దవడ పళ్ళకి ముందు వచ్చే చిన్న వుల్ఫ్ పన్ను ఉంటే, తీయించాలో వద్దో పశువైద్యుడు చూసి చెబుతాడు. ఇవన్నీ బాగున్నాయంటే తప్పు మన నేర్పడంలోనే ఉంది, అదీ చాలాసార్లు జీను దాకా రాకముందే.

తాడు లాగితే వెనక్కి గుంజుతోంది

లాగితే ఎదురు లాగడం గుర్రానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. మనం ఆపకుండా లాగుతూ పోతే ఆ బుద్ధినే గట్టిపరుస్తాం, బలంలో మనం ఎలాగూ ఓడతాం. మూడున్నర మీటర్ల మెత్తటి నూలు తాడు తీసుకుని ఎదురుగా కాకుండా భుజం పక్కన నిలబడండి. తాడుని ముందుకీ కాస్త పక్కకీ తేలిగ్గా బిగించి అలాగే పట్టుకోండి, బలం పెంచకండి. కాలు లేవకముందే ఒళ్ళు ముందుకి ఒరుగుతుంది, మెడ కింది కండ వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో తాడు వదిలేయాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే ఎందుకు వదిలారో దానికి అర్థం కాదు. అసలు కదలకపోతే తలని పక్కకి తిప్పించండి, నిలదొక్కుకోవడానికైనా ఒక కాలు వేస్తుంది. ఐదారుసార్లు చాలు.

ఈ పాఠం రాని గుర్రాన్ని గుంజకి గట్టిగా కట్టేయకండి. తాడుకీ గుంజకీ మధ్య ఒక సుతిలి ముక్క పెడితే, బెదిరి గుంజినప్పుడు మెడ బదులు సుతిలి తెగుతుంది.

ముందూ వెనకా కాళ్ళకి తాళ్ళు కట్టి పెంచిన గుర్రాలకి డెక్క పైన, చీలమండ దగ్గర పాత మచ్చలుంటాయి. అలాంటి వాటికి వెనక కాలికి తాడు తగిలితే తన్నడం ఖాయం. వారం రోజులు మెత్తటి తాడుతో కాళ్ళు తడిమి అలవాటు చేశాకే మిగతా పని.

మీదికి దూసుకొస్తోంది

చేతిలో బెల్లం పెట్టి పెంచినవాటిలో ఇది ఎక్కువ. తినిపించేది బకెట్‌లోనే. చెయ్యి చాపినంత దూరం లోపలికి వస్తే తాడుని అడ్డంగా ఆడించి రెండడుగులు వెనక్కి వేయించండి. ఇంట్లో అందరూ ఇదే పాటించకపోతే లాభం లేదు.

గుండ్రంగా తిప్పుతుంటే ఆగి మన వైపు తిరుగుతోంది

మీరు భుజానికి ముందు నిలబడుతున్నారు, అది దానికి "ఆగు" అన్నట్టే. జీనుని బిగించే పొట్ట పట్టీ పడే చోటుకి ఎదురుగా, ఒక అడుగు వెనగ్గా ఉండండి. ఏడెనిమిది మీటర్ల తాడు, కనీసం 15 మీటర్ల వెడల్పున్న గుండ్రం. అంతకన్నా చిన్నదైతే లేత కీళ్ళ మీద భారం పడుతుంది. ఒక్కో వైపు ఐదు నిమిషాలు, మొత్తం పది నిమిషాలు. తాడుని చేతికి చుట్టుకోకండి. మడతలుగా పట్టుకోండి, గ్లవ్స్ వేసుకోండి.

జీను వేస్తే పొట్ట ఉబ్బించి, వీపు విల్లులా వంచుతోంది

అసలు తంటా ఇక్కడే, దీనికే ఎక్కువ రోజులు కేటాయించాలి. చాలామంది చేసే తప్పు పొట్ట పట్టీని ఒకేసారి బిగించడం. ఊపిరి అందక గుర్రం ఎగిరిపడుతుంది, అది ఏళ్ళ తరబడి గుర్తుండిపోతుంది.

మొదట గోనెపట్టా తీసుకుని వీపు మీద, పొట్ట కింద, వెనక కాళ్ళ దాకా ఒకే తాళంలో ఊపండి. కదలకుండా నిలబడినప్పుడు ఆపండి. బెదిరి జరుగుతున్నప్పుడు ఆపితే జరగడమే నేర్చుకుంటుంది. ఎడమవైపు అలవాటైంది కుడివైపు మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి. తర్వాత జీను కింద వేసే మెత్త. దాన్ని భుజాల మీద కాస్త ముందుకి పెట్టి, వెంట్రుకల వాలులో వెనక్కి జరపండి. రికాబులు (కాళ్ళు పెట్టుకునేవి) తీసేసిన జీను ఆ పైన. జీనుకీ భుజాల పై ఎత్తుకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి, వెన్నెముక మీద ఎక్కడా ఆనకూడదు.

పట్టీని జీను జారనంత వరకే మొదటి రంధ్రానికి పెట్టి పది అడుగులు నడిపించండి. ఒక రంధ్రం, మళ్ళీ నడక. ఇంకో రంధ్రం. చివర్లో రెండు వేళ్ళు దూరేంత చోటుండాలి. ఆపైన ముందుకాళ్ళని ఒక్కొక్కటీ ముందుకి చాపి వదలండి, పట్టీ కింద మడతపడ్డ చర్మం సర్దుకుంటుంది. ఇది మానేస్తేనే మోచేతి వెనక పుండ్లు పడతాయి. మరీ వదులుగా ఉండడమూ ప్రమాదమే. జీను పొట్ట కిందికి తిరిగితే గుర్రం అదుపు తప్పి పరిగెడుతుంది, ఆ భయం పోగొట్టడానికి నెలలు పడుతుంది.

వీపు వంపు దిగకుండా ఎవరూ ఎక్కకూడదు. పది నిమిషాలు నడిపించాక కూడా జీను వెనక భాగం పైకి లేచి ఉంటే ఆ రోజుకి ఆపేయండి.

రికాబు తగిలితే ఉలిక్కిపడుతోంది

వట్టి జీనుతో వారం నడిచాకే రికాబులు వేలాడదీయండి. ముందు చేత్తో పక్కలకి మెల్లగా తట్టండి.

మనిషి బరువు పడగానే గడ్డకట్టినట్టు నిలబడింది

ఇది ఒప్పుకోలు కాదు, భయం. తర్వాత వచ్చేది ఎగురుడే. వెంటనే దిగి, స్టూలు మీంచి పొట్ట ఆనించి వాలే దశకి వెళ్ళండి. ఐదు సెకన్లు, దిగడం, మళ్ళీ. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో 15 శాతం దాటకపోతే మంచిది. 350 కిలోల కాఠియావాడీ జాతి గుర్రానికి అది 52 కిలోలు. ఆగడం లేదని ముళ్ళ కళ్ళెం వేస్తే నోరు పాడవుతుంది, పైగా 1965 నాటి పశుహింస నివారణ నిబంధనల ప్రకారం బండి లాగే, బరువు మోసే పశువులకి అది నిషిద్ధం.

నిన్నటిదాకా బుద్ధిగా ఉండి ఇవాళ చిందులేస్తోంది

గాబులోకి చూడండి. పనిలేని రోజుల్లో కూడా ఉలవ గుగ్గిళ్ళు అంతే పోస్తుంటే ఆ బలం ఎక్కడికి పోవాలి? సెలవు రోజు దాణా సగం చేసి గడ్డి పెంచండి. ఎండు గడ్డి ఒంటి బరువులో ఒకటిన్నర శాతానికి తగ్గకూడదు, అంటే 350 కిలోల గుర్రానికి రోజుకి ఐదు కిలోల పైనే.