డాలస్‌లో ఇప్పుడు టైమెంత? పాలమూరు లెక్క

"సారూ, అక్కడిప్పుడు టైమెంత?" ఫోన్ చేసే ముందు మా వీధివాళ్లు నన్నడుగుతుంటారు. రిటైరైన సోషల్ టీచర్ని కదా! ముందు ఊరి పేరు చెప్పమంటాను. అమెరికా టైమ్ అని ఒకటి లేదు. డాలస్ కంటే న్యూయార్క్ గంట ముందు, కాలిఫోర్నియా రెండు గంటలు వెనక. అంత పెద్ద చైనాలో మాత్రం దేశమంతా ఒకటే టైమ్.

అసలు లెక్క చిన్నదే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖది. అది కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. మహబూబ్‌నగర్ ఉన్నది 78 దగ్గర. నాలుగున్నర డిగ్రీల తేడాను నాలుగుతో గుణిస్తే 18 నిమిషాలు. అందుకే పాలమూరులో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సగటున 12:18 అవుతుంది. ఊరూరికీ సొంత టైమ్ పెట్టుకుంటే రైళ్లు నడిచేదెట్లా? 1884లో వాషింగ్టన్‌లో పాతిక దేశాలు కూర్చుని గ్రీనిచ్ రేఖను సున్నా అనుకున్నాయి. దానికి మనం ఐదున్నర గంటలు ముందు.

ఇక డాలస్. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మన టైముకు అరగంట కలిపి, పగటిని రాత్రి, రాత్రిని పగలు చేయండి. మన రాత్రి 8 అంటే అక్కడ ఉదయం 8:30, తేదీ అదే. మన ఉదయం 8కి మాత్రం అక్కడ ముందురోజు రాత్రి 8:30. పుట్టినరోజులు తప్పేది ఇక్కడే! మిగతా నెలల్లో వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుకుంటారు కాబట్టి గంటన్నర కలపాలి.

దుబాయ్‌కి గంటన్నర, సౌదీకి రెండున్నర తీసేయండి. ఏడాదంతా అంతే, టెన్షన్ లేదు. మెల్‌బోర్న్‌కు నాలుగున్నర కలపాలి. అక్కడ ఎండాకాలం మన చలికాలంలో వస్తుంది కాబట్టి, అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా ఐదున్నర.

లండన్‌కు లెక్కే అక్కర్లేదు. ముళ్ల వాచీని తలకిందులు చేసి, అంకెలు వదిలేసి ముళ్లు మాత్రం చదవండి. మన మధ్యాహ్నం మూడు తొమ్మిదిన్నరలా కనిపిస్తుంది. చలికాలంలో అదే లండన్ టైమ్, ఎండాకాలంలో గంట కలపండి. డిజిటల్ వాచీవాళ్లు వేళ్లు లెక్కపెట్టుకోవాల్సిందే.