మన పనిని అందుకునే చేయి

చేసే పనిలో సంతోషం లేదని బాధపడేవారు ముందుగా ఆ పని తమ చేయి దాటాక ఎవరి చేతికి చేరుతున్నదో తెలుసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు నూలు వడికే స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా పట్టి, దాని సన్నని పళ్ళతో పత్తిలోని నలుసులు తీసి, పోగులు ఒక తీరుగా వచ్చేవరకూ దువ్వుతారు. గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టుకుని రాట్నం ముందు కూర్చోవడం ఆ తరువాతి పనులు. నూలు ఒకచోట లావుగా, మరొకచోట పలుచగా వస్తే మగ్గం మీద తెగుతుంది. తెగిన ప్రతిసారీ నేతగాడు పని ఆపి అతుకు వేసుకోవాలి. వడికినామె అతని ముఖం ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు గాని, ఆమె సమంగా తీసిన నూలు చిలప అతనికి ఆ పూట శ్రమ తగ్గిస్తుంది. ఆ ఓపికకు తగిన కూలి ముడుతున్నదా అన్నది వేరుగా, గట్టిగా అడగవలసిన ప్రశ్న. చాలని కూలికి బదులుగా తృప్తిని చూపించడం న్యాయం కాదు.

మీరు రోజూ చేసే పనులలో ఒక్కదానిని మాత్రమే ఎంచుకుని, దానిని అందుకునే మనిషి ఎవరో ఒక కాగితం మీద రాసుకోండి. అన్నింటికీ ఒకేసారి రాయబోతే నాలుగో రోజుకే విసుగు పుడుతుంది. ఆ మనిషికి మీ పని వల్ల ఎక్కడ ఇబ్బంది కలుగుతున్నదో వీలైతే నేరుగా అడగండి, ఊహించుకుంటే పొరపడతాము.

ఆ పొరపాటు నేను చేశాను. విజయనగరంలో దరఖాస్తులు తీసుకునే బల్ల దగ్గర పనిచేసిన రోజులలో, కాగితాలను పైనుంచి వరుసగా చూస్తూ, మొదటి లోపం కనిపించగానే వెనక్కు ఇచ్చేసేవాడిని. శృంగవరపుకోట వైపునుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఒక పెద్దాయన మూడోసారి కూడా మరో కాగితం తక్కువై నిలబడి, "అన్నీ ఒక్కపాలే చెప్పీవచ్చు కదా బాబూ" అన్నాడు. ఆ మాటలో కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది. మరునాటినుంచి కట్ట మొత్తం చూసి, తక్కువైనవన్నీ ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టేది, కాని తిరిగి వచ్చేవారు తగ్గడంతో సాయంత్రానికి వరుసే చిన్నదయ్యేది. ఇంటికి వెళ్ళేటప్పుడు మనసు తేలికపడిందని గమనించడానికి నాకు మరికొన్ని వారాలు పట్టింది.

ఇతరులకు చేసే చిన్న సాయాన్ని కూడా ఇలాగే మీకు బాగా తెలిసిన పనిలోనుంచి, మీరు రోజూ ఉండే చోటునుంచి ఎంచుకోవడం మంచిది. ఆమదాలవలసలోని రైల్వేస్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. శ్రీకాకుళం పట్టణం అక్కడికి పది కిలోమీటర్లకు పైగా దూరం. రాత్రి బండి దిగి ఊరు ఎదురుగానే ఉంటుందనుకుని తికమకపడే కొత్తవారికి, బస్సు ఎక్కడ ఎక్కాలో, ఆటోకు ఎంత ఇవ్వడం సబబో వారు అడగకముందే చెప్పడం అక్కడి టీ దుకాణదారుకు ఖర్చులేని పని. బ్యాంకులో ఫారం నింపి పెట్టమని ఎవరైనా అడిగితే నింపండి, అయితే అంకెలు పైకి చదవకండి; వారి ఖాతాలో ఎంత ఉన్నదో పక్కవారికి తెలియనక్కరలేదు. సాయం పొందినవారి ఫోటో తీయడం మాత్రం పూర్తిగా మానుకోవాలి.

వేసవిలో చలివేంద్రం పెట్టదలచుకున్నవారు పందిరి, బ్యానరు, ప్రారంభోత్సవం గురించి ఆలోచించేముందు మే నెల మధ్యాహ్నం కుండ నింపేది ఎవరో తేల్చుకోవాలి. బ్యానరు మీద పేర్లు చెక్కుచెదరకుండా ఉండి, కింద కుండలు ఎండిపోయిన చలివేంద్రాలు మన ఊళ్ళలో తక్కువేమీ కావు. ఒక్క కుండ చాలు. దానిని రోజూ కడిగి, మూత పెట్టి, నీళ్ళు ముంచడానికి కాడ ఉన్న గరిటె ఒకటి, తాగడానికి గ్లాసు వేరొకటి ఉంచండి. మీరు ఊరు వెళ్ళవలసి వస్తే, ఆ రెండు రోజులూ ఎవరు నింపాలో ముందురోజే పక్క దుకాణంలో చెప్పి వెళ్ళండి.