సెకండియర్‌లో పిల్లలు మాయమవుతున్నారా? ముందు ఇది చూడండి

డిగ్రీ కాలేజీలో అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పులు చూసే సార్లకూ మేడమ్‌లకూ ఇది. నేను తెలంగాణలో ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను.

సమస్య: దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ సైటు) సీట్లు నిండాయి, తీరా చూస్తే తరగతిలో సగం ఖాళీ.

సీటొచ్చినట్టు మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకుంటారు పిల్లలు. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు పోతుంది. లిస్టు వచ్చిన రోజే ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. గడువు దాటాక ఫ్లెక్సీలు కట్టి ఏం లాభం? ఓటీపీ రావట్లేదంటే ఆధార్‌లో పాత నంబరు ఉందేమో అడగండి. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) సీటొచ్చి వెళ్లేవాళ్లకు టీసీ ఇచ్చి పంపేయండి, వాళ్లు ఆగరు.

సమస్య: ఫస్టియర్ బాగానే చదివి, మూడో సెమిస్టర్ నుంచి రావడం మానేశారు.

"చదువు మీద శ్రద్ధ లేదు", "పెళ్లి చేసేసుంటారు" అని స్టాఫ్‌రూమ్‌లో తేల్చేయకండి. ముందు ఈపాస్ (రాష్ట్ర స్కాలర్‌షిప్పుల సైటు) తెరవండి. రెన్యువల్ పెట్టారా? హాజరు 75 శాతం ఉందా? ఈ రెండూ చూడకుండా నా దగ్గరకు వచ్చేవాళ్లతో విసిగిపోయాను.

రెండూ సరిగ్గానే ఉన్నా డబ్బు రాలేదంటే, అసలు దొంగ ఇక్కడున్నాడు. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం ఇచ్చే 60 శాతం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అది దరఖాస్తులో రాసిన ఖాతా నంబరును బట్టి కాదు, ఆధార్‌కు చివరగా సీడింగ్ అయిన బ్యాంకును బట్టి వెళ్తుంది. సీడింగ్ అంటే, ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో బ్యాంకుల చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఆధార్‌తో ముడిపెట్టడం. ఒకమ్మాయి విషయంలో నేనూ బోల్తా పడ్డాను. పాస్‌బుక్ తెచ్చి చూపించింది, అందులో రూపాయి లేదు. బ్యాంకులో అడిగితే "ఆధార్ లింక్ అయ్యే ఉంది" అన్నారు. నేను నమ్మేశాను. కేవైసీకి ఆధార్ ఇవ్వడం వేరు, సీడింగ్ వేరు అని అప్పటికి నాకు తెలియదు. డబ్బు మాత్రం, ఎప్పుడో ఊళ్లో వేలిముద్ర వేయించుకుని ఎవరో తెరిచిన ఇంకో ఖాతాలో కూర్చుంది. ఆ అమ్మాయి ఫీజు బాకీ అడిగినప్పుడల్లా తల దించుకుని, చివరకు రావడమే మానేసింది. కారణం తెలిసేసరికి పరీక్ష ఫీజు గడువు దాటింది.

చేయాల్సింది చిన్నదే. మైఆధార్ సైటులో విద్యార్థి చేతే ఓటీపీ కొట్టించి, బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. అక్కడ కనిపించే బ్యాంకు పేరూ పాస్‌బుక్ మీది పేరూ ఒకటేనా? స్టేటస్ యాక్టివ్‌గా ఉందా? తేడా ఉంటే, వాడుకునే ఖాతా ఉన్న బ్రాంచిలో సీడింగ్ ఫారం ఇప్పించండి. "లింక్ చేయండి" అంటే కేవైసీ చేసి పంపేస్తారు, "ఎన్‌పీసీఐ సీడింగ్" అని అడగమనండి. వారం ఆగి స్టేటస్ మళ్లీ చూడండి. తప్పు ఖాతాలో పడిన డబ్బును ఆ బ్యాంకుకు వెళ్లి విద్యార్థే తీసుకోవచ్చు, అది తన పేరు మీదిదే.

ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేర్లు కలవకపోవడం కూడా ఉంటుంది కానీ అది దరఖాస్తు దగ్గరే బయటపడుతుంది.

ఈ చెక్ అడ్మిషన్ రోజునే, పిల్ల ఫోన్ చేతిలో ఉండగానే చేయించండి. మనిషికి ఐదు నిమిషాలు.