తెగించే ముందు వేసుకోవలసిన లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఏళ్ల తరబడి వెల్డింగ్ చేసిన మనిషికి ఎప్పుడో ఒకప్పుడు సొంత షెడ్డు పెట్టుకోవాలని అనిపించడం సహజం. గుంటూరులో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఆమెకు ఉద్యోగం మానేసి పట్టాభిపురంలోనో బ్రాడీపేటలోనో సొంతంగా ట్యూషన్లు మొదలుపెట్టాలని ఉండవచ్చు. ఇలాంటి అడుగు వేయదలచినవారు ధైర్యం కూడగట్టుకోవడానికి ముందే కొన్ని లెక్కలు కాగితం మీద పెట్టాలి. నోటి లెక్కలు మన ఇష్టానికి తగ్గట్టు వంగుతాయి కాబట్టి కాగితం మీదనే పెట్టాలని గట్టిగా చెబుతున్నాను.

మొట్టమొదట ఆ కోరిక మనదేనా, బావమరిది బాగుపడ్డాడని పుట్టినదా అన్నది తేల్చుకోవాలి. ఇందుకు ఒక సులువైన మార్గం ఉంది. అనుకున్న పని మొదలైన ఏడాది తరువాత ఒక మామూలు మంగళవారం పొద్దుటి నుంచి రాత్రి వరకు ఎలా గడుస్తుందో గంటల వారీగా రాసి చూసుకోవాలి. సొంత షెడ్డు పెట్టినవాడు వెల్డింగ్ చేసే సమయం కన్నా లారీ యజమానుల దగ్గర బాకీలు వసూలు చేయడం, ఇనుము ధర బేరమాడడం, పనివాళ్ల అడ్వాన్సులు సర్దడం వంటి వాటితో గడిపే సమయమే ఎక్కువగా ఉంటుంది. ఆ మంగళవారం చదువుకున్నాక కూడా మనసు అటే లాగితే ముందుకు వెళ్లవచ్చు. నచ్చింది వెల్డింగ్ మాత్రమే అయితే, ఉన్నచోటే జీతం పెంచమని అడగడం మేలు.

తరువాత తేల్చవలసినది, పూర్తిగా పోయినా ఇల్లు గడిచే మొత్తం ఎంత అన్నది. ఉన్న ఇంటి కాగితాలు, పిల్లల ఫీజు డబ్బు, ఇంటావిడ మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా తాకట్టుకు వెళ్లే బంగారం ఈ మొత్తంలోకి రాకూడదు. వడ్డీ విషయంలో మన వాడుకే మనల్ని మోసం చేస్తుంది. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది గానీ, అది ఏడాదికి 24 శాతం. 5 లక్షలు తెస్తే అసలులో ఒక్క రూపాయి తీరకుండానే నెలకు 10,000, ఏడాదికి 1,20,000 రూపాయలు కట్టాలి. మొదటి ఏడాది అంత మిగిల్చే కొత్త వ్యాపారాలు తక్కువ కాబట్టి, అప్పుతోనే మొదలుపెట్టవలసి వస్తే ఆ పనిని చిన్నది చేసుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైనది ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకోవడం. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల రైతులకు ఈ కష్టం బాగా తెలుసు. ధర నచ్చక టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతు, ధర పెరిగితే ఇంకా పెరుగుతుందని ఆగుతాడు, తగ్గితే మళ్లీ లేస్తుందని ఆగుతాడు. ఈలోగా అద్దె, సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటాయి, కొత్త పంట కూడా యార్డుకు వచ్చేస్తుంది. సరుకు లోపల పెట్టే రోజునే క్వింటాలుకు ఫలానా ధర వస్తే సగం అమ్మేస్తాను, ఫలానా నెల దాటితే ఎంతకైనా అమ్మేస్తాను అని రాసి పెట్టుకున్నవాడికి కనీసం రాత్రి నిద్ర పడుతుంది. షెడ్డుకైనా ట్యూషన్లకైనా ఇలాంటి రెండు గీతలు కావాలి. పెట్టుబడి ఇంతకు మించదు, ఫలానా నెలకల్లా ఖర్చులు రాకపోతే మూసేస్తాను అని రాసి, ఆ కాగితాన్ని మొహమాటం లేకుండా గుర్తుచేసే మనిషి చేతిలో పెట్టాలి. గీత దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని జరపడానికి మంచి కారణాలు బోలెడు కనిపిస్తాయి, వాటిని వినకూడదు.

మనం నెల రోజులు మంచాన పడితే పని ఎవరు నడుపుతారన్నది చాలామంది మరచిపోయే ప్రశ్న. అంతా ఒక్కరి మీదే ఆధారపడితే ఏమవుతుందో చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. చీరాల-పేరాలను మునిసిపాలిటీగా మార్చి పన్నులు పెంచినందుకు నిరసనగా 1921లో స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలాది మంది ఇళ్లు విడిచి, ఊరి వెలుపల రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు గడిపారు. అప్పటి గుంటూరు జిల్లాలో అంతటి తెగింపు సాధ్యమైనదంటే దాని వెనుక రామదండు అనే వాలంటీర్ల ఏర్పాటు కూడా ఉంది. అయినా గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లాక ఉద్యమం నిలబడలేకపోయింది. అంత పెద్ద ప్రయత్నానికే ఆ గతి పట్టినప్పుడు, ఒక్క మనిషి మీద నడిచే షెడ్డు సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొలతలు, బాకీల పుస్తకం తెలిసినవాడు ఇంకొకడు మొదటి రోజు నుంచే ఉండాలి.

వీలైతే ఉద్యోగంలో ఉండగానే ఆదివారాల్లో ఒకటి రెండు చిన్న పనులు ఒప్పుకుని చూడడం మంచిది, అయితే యజమాని ఖాతాదారుల జోలికి మాత్రం పోకూడదు. మానేసేటప్పుడు పండగ ముందో, చేతిలో బండి సగంలో ఉండగానో కాకుండా పని అప్పగించి, తీసుకున్న అడ్వాన్సు తీర్చి, యజమానితో ఒక మాట చెప్పి రావాలి. రాసుకున్న నెల వచ్చి షెడ్డు మూయవలసి వస్తే మొదట వెళ్లి అడగవలసింది ఆయననే.